పని ఇద్దరిది, పేర్లు నలుగురివి



భగవద్గీత 2వ అధ్యాయం 47వ శ్లోకం తెలియనివాళ్లు మన చానెల్ చూసేవాళ్లలో దాదాపు ఉండరు. పని చేయడం మీదే నీకు అధికారం, ఫలం మీద కాదు అని చెప్పే శ్లోకం. ఇంజినీరింగ్ కాలేజీల వాట్సాప్ గ్రూపుల్లో దీనికి ఒక ప్రత్యేకమైన వాడకం ఉంది. ప్రాజెక్ట్ రివ్యూ ఇంకో రెండు రోజులు ఉందనగా, రాత్రి పన్నెండింటికి, పని చేస్తున్న అమ్మాయి "మీరిద్దరూ ఏం చేయట్లేదు" అని మెసేజ్ పెడుతుంది. ఏం చేయని అబ్బాయి ఈ శ్లోకం రాసి ఉన్న ఫొటో ఒకటి ఫార్వర్డ్ చేస్తాడు. రథం మీద కృష్ణుడు, ఎదురుగా చేతులు జోడించిన అర్జునుడు, కింద నమస్కారం ఎమోజీ. అంటే అర్థం ఏంటంటే, "నువ్వు చెయ్యి, ఫలం గురించి అడక్కు."

నవ్వొస్తుంది కానీ, ఆ ఫొటో అందుకున్న అమ్మాయికి నవ్వు రాలేదు. ఆమె మా పిన్ని కూతురు. సిటీ శివార్లలో ఒక కాలేజీలో బీటెక్ ఫైనల్ ఇయర్ చదువుతోంది. వాళ్ల మేజర్ ప్రాజెక్ట్ మా నల్లగండ్ల, లింగంపల్లి, గోపనపల్లి వైపు ఉన్న చెరువుల మీద. పాత ఉపగ్రహ చిత్రాలు డౌన్‌లోడ్ చేసుకుని, ఏ ఏడాది నీరు ఎంత మేర ఉందో ప్రోగ్రామ్ రాసి గుర్తించాలి. తర్వాత చెరువు దగ్గరికి వెళ్లి, చిత్రంలో కనిపించింది నేల మీద నిజమో కాదో చూసుకోవాలి. చివరికి ఎనభై పేజీల రిపోర్ట్ రాయాలి. బ్యాచ్‌లో నలుగురు. అందుకే శని, ఆదివారాలు మా ఫ్లాట్‌లో దిగిపోయేది, ల్యాప్‌టాప్, చార్జర్, ఒక గొడుగుతో.

నాలుగు నెలల్లో పని చేసింది తనూ, ఇంకో అమ్మాయీ. మూడో వ్యక్తి మీటింగ్‌లకే రాడు. నాలుగో వ్యక్తి మీటింగ్‌లకి వస్తాడు, జోకులు వేస్తాడు, సమోసాలు తెప్పిస్తాడు, వెళ్లిపోతాడు. లిటరేచర్ సర్వే రాయమంటే రివ్యూ ముందు రోజు రాత్రి చాట్‌జీపీటీ రాసిచ్చిన ఆరు పేజీలు అలాగే పంపించాడు. అందులో పేర్కొన్న పరిశోధనా పత్రాలు కొన్ని అసలు ప్రపంచంలోనే లేవు. ఒక్కొక్కటి వెతికి, లేనివాటిని తీసేసి, ఉన్నవాటిని చదివి మళ్లీ రాయడానికి మొదటి నుంచి రాసుకునే దానికంటే ఎక్కువ టైం పట్టింది.

ఒక ఆదివారం సాయంత్రం చెరువు వైపు నడుస్తుంటే అడిగింది. "అక్కా, వాళ్లిద్దరి పేర్లు తీసేయమని గైడ్ సార్‌కి చెప్తే పాపమా?"

అది మార్కుల గురించిన ప్రశ్న కాదు. అప్పటికే ఒకడికి ప్లేస్‌మెంట్ వచ్చేసింది. ప్రాజెక్ట్ పోతే డిగ్రీ ఆగుతుంది, డిగ్రీ ఆగితే ఉద్యోగం పోతుంది. ఒక మాటతో ఇంకొకరి జీవితంలో ఏడాది పోవచ్చు. ఆ మాట అనకపోతే, తన చేత్తో సంతకం పెట్టే కాగితం మీద ఒక అబద్ధం ఉంటుంది. "మేము నలుగురం కలిసి చేసిన పని ఇది" అని ప్రతి రిపోర్ట్ మొదట్లో ఒక డిక్లరేషన్ పేజీ ఉంటుంది కదా, ఆ కాగితం. మనలో ఎక్కువ మంది ఆ పేజీని చదవకుండానే సంతకం పెట్టి ఉంటారు. నా ఉద్దేశంలో చాలామంది చదువుకున్న పిల్లలు పెద్దయ్యాక పెట్టే మొదటి లిఖితపూర్వక ప్రమాణం అదే.

ముందు ఆ ఫొటో సంగతి చూద్దాం. ఆ శ్లోకంలో నాలుగు భాగాలున్నాయి. ఫార్వర్డ్ చేసేవాళ్లు సాధారణంగా మొదటి రెండింటితో ఆపేస్తారు. నాలుగోది చాలా సూటిగా ఉంటుంది. పని మానేయడం మీద నీకు మమకారం పుట్టకూడదు అంటాడు కృష్ణుడు. అంటే ఫలం ఆశించొద్దు అని చెప్పి ఊరుకోలేదు, ఆ మాటని సాకుగా చేసుకుని చేతులు ముడుచుకుంటావేమో అని వెంటనే ఆ దారి కూడా మూసేశాడు. ఈ శ్లోకం ఎవరితో అన్నాడో కూడా చూడాలి. యుద్ధం చేయాల్సిన మనిషితో, అతని మనసు కోసం అన్న మాట అది. పక్కవాడి కష్టం వాడుకుంటూ, వాడికే ఈ శ్లోకం వినిపించమని ఎక్కడా లేదు. నిష్కామకర్మ నేను నాకు చెప్పుకోవచ్చు. నా పని చేసిపెడుతున్న వాడికి నేను చెబితే అది వేదాంతం కాదు, బేరం.

అదే కృష్ణుడు 3వ అధ్యాయం 12వ శ్లోకంలో ఇంకో మాట అన్నాడు. ఇచ్చినవాళ్లకి తిరిగి ఏమీ ఇవ్వకుండా అనుభవించేవాడు దొంగే అని. యజ్ఞం సందర్భంలో చెప్పిన మాట. కానీ యజ్ఞం అంటే పదిమంది కలిసి నిలబెట్టే పని అని అర్థం చేసుకుంటే, మా పిన్ని కూతురి గ్రూప్‌కి 2-47 కంటే ఇదే దగ్గరగా సరిపోతుంది. ఈ శ్లోకం ఫొటో మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

ఇక్కడిదాకా సులువే. ఏమీ చేయనివాడిది తప్పు అని తేల్చడానికి గీత కూడా అక్కర్లేదు. అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. ఏది పని, ఏది కాదు? ఎవరు తేల్చాలి?

ఫ్రాన్స్‌లో మాక్సిమిలియన్ రింగెల్మాన్ అనే వ్యవసాయ ఇంజినీర్ తాడు లాగించి కొలిచాడు. ఆ ఫలితాలు 1913లో ప్రచురించాడు. ఒక్కడే లాగినప్పుడు పెట్టే బలం, గుంపులో లాగినప్పుడు పెట్టడు. ఎనిమిది మంది కలిసి లాగితే ఒక్కొక్కరి వాటా దాదాపు సగానికి పడిపోయింది. అందరి లాగుడూ ఒకేసారి కలవకపోవడం కొంత కారణం. కానీ 1979లో అమెరికాలో లతానే, ఆయన సహచరులు చప్పట్లు, కేకలతో ఇలాంటి ప్రయోగమే చేశారు. చుట్టూ ఇంకొంతమంది కూడా అరుస్తున్నారు అనుకుంటే చాలు, మనిషి గొంతు తగ్గుతుందని తేలింది. ఎవరి శబ్దం ఎంతో విడిగా తెలుస్తుంది అని చెబితే మాత్రం ఆ బద్ధకం తగ్గిందని తర్వాతి ప్రయోగాలు చూపించాయి. చెడ్డవాళ్లు కాబట్టి పని ఎగ్గొట్టారు అని మనం అనుకుంటాం కానీ, చాలాసార్లు ఎవరి వాటా ఎంతో కనిపించని ఏర్పాటే మంచివాళ్లని కూడా బద్ధకస్తుల్ని చేస్తుంది. నలుగురికీ కలిపి ఒకే మార్కు వేసే పద్ధతి ఉన్నంతకాలం ఇది ఉంటుంది.

ఇదే విషయం మీద వాల్మీకి రామాయణంలో నాకు చాలా ఇష్టమైన ఒక వివరం ఉంది. యుద్ధకాండలో సేతువు కట్టేటప్పుడు ఏ రోజు ఎంత కట్టారో లెక్క ఇస్తాడు మహర్షి. మొదటి రోజు 14 యోజనాలు, రెండో రోజు 20, తర్వాత 21, 22, 23. ఐదు రోజుల్లో 100 యోజనాలు పూర్తి. రోజూ ఆఫీసులో స్టాండప్ మీటింగ్‌లో కూర్చునే నాలాంటి వాళ్లకి ఈ లెక్క చూస్తే నవ్వు, గౌరవం రెండూ వస్తాయి. స్పీడ్ రోజురోజుకీ పెరిగింది, ఒక్క రోజు కూడా తగ్గలేదు. లక్షల కోతులు పని చేసినా, దానికి నలసేతువు అని పేరు వచ్చింది, ఎందుకంటే ఎలా కట్టాలో తెలిసిన నలుడు ముందుండి కట్టించాడు. రాముడి కోసం కట్టారు, అయినా పేరు నలుడిది. ఎవరి పని ఏదో అక్కడ అందరికీ తెలుసు.

ఉడత కథ వాల్మీకంలో లేదు, మన రంగనాథ రామాయణంలో ఉంది. నాలుగో కుర్రాడు తన సమోసాల గురించి ఏమన్నాడో తెలుసా? "ఉడతా భక్తిగా నేనూ సపోర్ట్ చేశా కదా." ఈ మాటకి సమాధానం చెప్పడం నాకు అవసరం అనిపించింది. ఉడత ఇసుక రేణువులు మోసింది నిజమే, అవి కొండల ముందు లెక్కలోకి రావు. కానీ ఉడత ఒంటికి అంతకంటే మోయడం చేతకాదు. తన బలం అంతా పెట్టింది. ఏనుగు వచ్చి చారెడు ఇసుక వేసి ఉడతా భక్తి అంటే కుదరదు. అందుకే ఎంత పని అయింది అన్న లెక్క ఒక్కటే చాలదు, ఎంత చేయగలిగినవాడు ఎంత చేశాడు అన్నది కూడా చూడాలి. ఈ మాట తర్వాత మా వాళ్లకి ఎదురు తిరిగింది, అది చివర్లో చెబుతాను.

మరి కృష్ణుడి సంగతి? కురుక్షేత్రంలో ఆయుధం పట్టనన్నాడు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, గిట్ లాగ్ తీసి చూస్తే కృష్ణుడి పేరు మీద ఒక్క కమిట్ కూడా ఉండదు. అయినా ఆయన లేకపోతే ఆ ప్రాజెక్ట్ లేదు. పని అంటే కోడ్ రాయడం, పేజీలు నింపడం మాత్రమే అనుకునేవాళ్లు ఇక్కడ ఆగి ఆలోచించాలి. సరైన ప్రశ్న అడిగినవాడు, తప్పు దారిలో వెళ్తుంటే ఆపినవాడు, గ్రూప్ విడిపోకుండా పట్టుకున్నవాడు, వీళ్ల పని ఏ లాగ్‌లోనూ కనపడదు.

ఈ విషయంలో మన తెలుగు సాహిత్యం మొదటి పేజీలోనే ఒక గొప్ప ఉదాహరణ ఉంది, స్కూల్లో మనకి ఎవరూ ఇలా చెప్పలేదు. నన్నయ 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడి కోసం భారతం తెలుగు చేయడం మొదలుపెట్టాడు. ఆ మొదట్లోనే, తనకి ఈ పనిలో తోడున్నవాడు నారాయణభట్టు అని చెప్పుకున్నాడు. ఎలా చెప్పాడంటే, భారత యుద్ధంలో అర్జునుడికి నారాయణుడు తోడున్నట్టు నాకు ఈ నారాయణభట్టు తోడున్నాడు అన్నాడు. ఇంకో మాట కూడా వాడాడు, సహాధ్యాయుడు అని. అంటే క్లాస్‌మేట్! మన భాషలో ఆదికావ్యం అని చెప్పుకునే పుస్తకం ఇద్దరు క్లాస్‌మేట్ల గ్రూప్ ప్రాజెక్ట్ అన్నమాట. నారాయణభట్టుకి రాజు నందంపూడి అగ్రహారం ఇచ్చిన శాసనాన్ని రాసింది కూడా నన్నయే. స్నేహితుడికి దక్కిన గౌరవాన్ని రాగిరేకు మీద తనే రాసిపెట్టాడు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. నారాయణభట్టు వచ్చి "నేనూ చేశాను, నా పేరు వేయి" అని అడిగినట్టు మనకి ఎక్కడా కనిపించదు. రాసినవాడు, తన పేరు మీద గ్రంథం ఉన్నవాడు, తనంతట తాను చెప్పాడు. కనపడని సాయానికి సాక్ష్యం చెప్పాల్సింది సాయం పొందినవాడే. అందుకే "నేను కృష్ణుడి పాత్ర పోషించాను" అని ఎవడైనా తన గురించి తనే చెప్పుకుంటే కాస్త అనుమానించాలి. పైగా కృష్ణుడు పద్దెనిమిది రోజులూ రథం మీదే ఉన్నాడు, గుర్రాలకి నీళ్లు కూడా పట్టించాడు. మీటింగ్‌కి రాకుండా ఫొటో ఫార్వర్డ్ చేయలేదు.

నన్నయ ఆది, సభా పర్వాలు పూర్తి చేసి, అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. తర్వాత నెల్లూరి తిక్కన విరాటపర్వం నుంచి చివరిదాకా 15 పర్వాలు రాశాడు. మధ్యలో అరణ్యపర్వంలో ఖాళీ అలాగే ఉండిపోయింది. దాన్ని 14వ శతాబ్దంలో ఎర్రన నింపాడు. నన్నయకీ ఆయనకీ మధ్య సుమారు మూడు వందల ఏళ్లు. ఎర్రన ఆస్థానం అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి దగ్గర. కానీ ఆ మిగిలిన భాగాన్ని నన్నయ శైలి పోలికలు వచ్చేలా రాసి, తన రాజుకి కాకుండా ఎప్పుడో పోయిన రాజరాజ నరేంద్రుడికే అంకితంగా ఉంచాడు. పని నన్నయది, నేను పూర్తి చేస్తున్నాను అంతే అన్నట్టు.

ఈ కథ చాలామంది త్యాగానికి ఉదాహరణగా చెబుతారు. నిజమే. కానీ రెండో సగం కూడా చెప్పాలి. ఆ పర్వం చివర్లో, గుడ్లూరు ఊరివాడైన ఎర్రన అనేవాడు, నన్నయ కవితారీతి కొంత తోచేలా ఈ శేషాన్ని పూరించాడు అని స్పష్టంగా పద్యాల్లో ఉంది. తల్లిదండ్రుల పేర్లు, గోత్రంతో సహా. అంటే గౌరవం నన్నయకి ఇచ్చేశాడు, నిజాన్ని మాత్రం దాచలేదు. ఎవరు ఎక్కడిదాకా రాశారో ఇవాళ మనకి తెలిసేలా పెట్టాడు.

నాకు ఈ సమస్య మొత్తం ఇక్కడే విడిపోయింది. గౌరవం వేరు, వాస్తవం వేరు. నా కష్టానికి వచ్చే గౌరవం నాది, దాన్ని నేను ఎవరికైనా ఇచ్చేయొచ్చు. అది దానం. ఎవరు ఏం చేశారన్న వాస్తవం మాత్రం నా సొత్తు కాదు, దాన్ని దానం చేసే హక్కు నాకు లేదు. ఎందుకంటే ఆ డిక్లరేషన్ పేజీ చదివేవాడు మూడో మనిషి. ఎగ్జామినర్, రేపు ఉద్యోగం ఇచ్చే కంపెనీ, ఆ కుర్రాడు రాసిన ప్రోగ్రామ్ మీద ఆధారపడే ఎవరో. స్నేహం కొద్దీ నేను దాచేది నా సొమ్ము కాదు, వాళ్లకి తెలియాల్సిన సంగతి.

మరి తిరుపతి వేంకట కవుల మాటేమిటి అని ఒక ఫ్రెండ్ అడిగాడు, మంచి ప్రశ్నే. దివాకర్ల తిరుపతి శాస్త్రి గారు ముందు పోయారు. చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి గారు ఆ తర్వాత దాదాపు ముప్పై ఏళ్లు బతికారు. ఒక్కరే రాసినవాటికి కూడా జంట పేరే పెడుతూ వచ్చారు. ఏ పద్యం ఎవరిది అంటే చెప్పేవారు కాదు. నేను చెప్పిన లెక్క ప్రకారం ఇది వాస్తవాన్ని దాచడం కాదా? ఇక్కడ నేనూ కాసేపు తడబడ్డాను. కానీ తిరుపతి శాస్త్రి గారు లేరన్న సంగతి ఆ పుస్తకాలు చదివే అందరికీ తెలుసు. ఎవరూ మోసపోలేదు. ఆ పేరు చూసి ఎవరూ తిరుపతి శాస్త్రి గారికి ఉద్యోగం ఇవ్వబోవట్లేదు. ఆ జంట పేరు ఒక ప్రేమ. వాళ్లిద్దరూ ఎవరికి వారు విడిగా అవధానం చేయగల దిగ్గజాలు, ఒకరి వెనక ఒకరు దాక్కోవాల్సిన అవసరం లేనివాళ్లు. డిక్లరేషన్ పేజీ అలాంటిది కాదు.

ఈ కాలం పద్ధతులు కూడా మెల్లగా ఇటే వస్తున్నాయి. ఇప్పుడు చాలా పరిశోధనా జర్నల్స్‌లో వ్యాసం చివర ఎవరు ఏ పని చేశారో రాయాలి. ఆలోచన ఎవరిది, డేటా ఎవరు సేకరించారు, మొదటి డ్రాఫ్ట్ ఎవరు రాశారు, ఎవరు సరిదిద్దారు అని 14 రకాల పాత్రలతో ఒక జాబితా ఉంది. మన దగ్గర యూజీసీ 2018లో కాపీ కొట్టడం మీద నిబంధనలు తెచ్చింది. పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు, 60 శాతం దాటితే అన్నిటికంటే పెద్ద తప్పు. దాంతో కాలేజీల్లో అందరికీ ఆ శాతం మీదే ధ్యాస. కానీ సాఫ్ట్‌వేర్ అక్షరాలని పోల్చగలదు. ఈ అక్షరాలు నలుగురిలో ఎవరివి అన్నది అది చెప్పలేదు. అమీర్‌పేట మైత్రివనం చుట్టుపక్కల ప్రాజెక్ట్ సెంటర్లలో డబ్బు కట్టి ప్రాజెక్ట్ తెచ్చుకునే అలవాటు గురించి హైదరాబాద్‌లో చదివిన ఎవరికీ నేను చెప్పక్కర్లేదు. బయట కొన్న పనికి, పక్కవాడు చేసిపెట్టిన పనికి, డిక్లరేషన్ పేజీ దగ్గరికి వచ్చేసరికి పెద్ద తేడా ఏముంది? ఒకదానికి డబ్బు తీసుకున్నారు, ఇంకోదానికి తీసుకోలేదు.

సరే, తనకి ఏం చెప్పాను? పేర్లు తీసేయమని గైడ్ దగ్గరికి వెళ్లొద్దన్నాను, ముందు వాళ్ల దగ్గరికే వెళ్లమన్నాను. వాట్సాప్‌లో కాదు, ఎదురుగా కూర్చుని. రిపోర్ట్‌లో "ఎవరు ఏం చేశారు" అని ఒక పేజీ పెడుతున్నాం, ఎవరి లైన్ వాళ్లే రాసి సంతకం పెట్టండి, ఇంకా మూడు వారాలు టైం ఉంది అని చెప్పమన్నాను. ఎవరినీ తీసేయడం లేదు, ఎవరికీ అబద్ధం రాసిపెట్టడం లేదు. ఆ లైన్ ఎంత పెద్దగా ఉండాలో వాళ్ల చేతుల్లోనే ఉంది.

తను వెళ్లింది. అప్పుడు తెలిసింది అసలు విషయం. మీటింగ్‌లకి రాని మూడో కుర్రాడు రాత్రి ఒంటిగంట దాకా ఫుడ్ డెలివరీ చేస్తున్నాడు. ఫీజు బాకీ ఉంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, కాలేజీలో అసలే చెప్పలేదు. నాలుగు నెలల్లో అతన్ని "ఎందుకు రావట్లేదు" అని తిట్టినవాళ్లున్నారు కానీ, "ఏమైంది" అని అడిగినవాళ్లు లేరు. ఉడత, ఏనుగు లెక్క ఎదురు తిరిగిందన్నాను కదా, ఇక్కడే. మేము ఏనుగు అనుకున్నవాడు ఉడత. తప్పు అతనిది ఏమీ లేదని కాదు, ఒక్క మాట చెప్పి ఉండొచ్చు. కానీ ఇరవై ఒక్క ఏళ్ల కుర్రాడికి "నా దగ్గర డబ్బుల్లేవు" అని క్లాస్‌మేట్స్‌తో అనడం ఎంత కష్టమో మనకి తెలియనిది కాదు.

ఆ తర్వాత అతనికి పని వెతకడం కష్టం కాలేదు. బండి మీద రోజూ నల్లగండ్ల, తెల్లాపూర్, గోపనపల్లి రోడ్లన్నీ తిరుగుతాడు. చెరువుల దగ్గర ఆగి, ఫోన్‌లో లొకేషన్ పెట్టి ఫొటోలు తీసి పంపడం మొదలుపెట్టాడు. నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయి, గుర్రపుడెక్క ఎక్కడ అల్లుకుంది, ఎక్కడ మట్టి పోశారు. ఉపగ్రహ చిత్రంలో గుర్రపుడెక్క పచ్చగా గడ్డి నేలలా కనపడి ప్రోగ్రామ్ తప్పు చెబుతోందని బయటపడింది అతని ఫొటోల వల్లే. రిపోర్ట్‌లో మంచి చాప్టర్ అదే అయింది.

సమోసాల కుర్రాడు "ఇదంతా ఓవర్ యాక్షన్" అన్నాడు. రిపోర్ట్ ఫార్మాట్‌లో అలాంటి పేజీ లేదు అన్నాడు. అది నిజమే, ఫార్మాట్‌లో లేదు. గైడ్ అనుబంధంగా పెట్టుకోమన్నారు. అతని లైన్‌లో "ప్రెజెంటేషన్ స్లైడ్ల అమరిక" అని ఉంది, కింద అతని సంతకమే ఉంది. వైవాలో ప్రశ్న తన వైపు వచ్చినప్పుడు మా పిన్ని కూతురు వైపు చూశాడట. తను నోరు మెదపలేదు. పాస్ అయ్యాడు, తక్కువ మార్కులతో. తనతో మాట్లాడటం మానేశాడు. దీనికి తను బాధపడింది, నేను కూడా "పోనీలే" అని తేలిగ్గా అనలేకపోయాను. నిజం చెప్పినందుకు స్నేహం పోదు అని కొన్ని వీడియోల్లో చెబుతారు. పోతుంది, కొన్నిసార్లు.

ఇంతవరకు పని ఎగ్గొట్టేవాళ్ల గురించే మాట్లాడాను. చేసేవాళ్ల గురించి కూడా గీతలో ఒక మాట ఉంది, అది నాలాంటి వాళ్లకి ఇంకా గట్టిగా తగులుతుంది. 18వ అధ్యాయం 14వ శ్లోకంలో ఏ పని జరగాలన్నా ఐదు కారణాలు అంటాడు కృష్ణుడు. పని జరిగే చోటు, చేసేవాడు, పనిముట్లు, రకరకాల ప్రయత్నాలు, ఐదోది దైవం. ఐదింట్లో కర్త ఒక్కటి. రెండు శ్లోకాల తర్వాత, నేనొక్కడినే చేశాను అనుకునేవాడికి సరిగ్గా కనిపించట్లేదు అంటాడు. గ్రూప్ ప్రాజెక్ట్‌లో ఎక్కువ పని చేసినవాళ్లకి ఒక జబ్బు వస్తుంది. చేసిన పని కంటే చేయనివాళ్ల లెక్క ఎక్కువ గుర్తుంటుంది. నాలుగు నెలలు ఆ లెక్క మోస్తూ తిరుగుతారు. నిద్రలేని రాత్రులు ఎన్నో చెబుతారు, ఆ రాత్రుల్లో అన్నం పెట్టిన మనిషి పేరు చెప్పరు.

రిపోర్ట్‌లో అక్నాలెడ్జ్‌మెంట్ అని ఒక పేజీ ఉంటుంది. తెలుగు రాష్ట్రాల్లో ఏ కాలేజీ రిపోర్ట్ తీసినా అది దాదాపు ఒకేలా ఉంటుంది. చైర్మన్ గారికి, ప్రిన్సిపాల్ గారికి, హెచ్ఓడీ గారికి, గైడ్ గారికి, చివర్లో తల్లిదండ్రులకి, స్నేహితులకి. సీనియర్ల రిపోర్ట్ తెరిచి పేర్లు మారుస్తారు అంతే. నన్నయ నారాయణభట్టు గురించి చెప్పిన పద్యం కూడా అక్నాలెడ్జ్‌మెంటే కదా, దాని పక్కన దీన్ని పెట్టి చూడండి.

వాళ్ల బ్యాచ్ పేజీ కూడా అలాంటిదే. బైండింగ్‌కి ఇవ్వబోయే ముందు నాకు చూపించింది. చదువుతుంటే నాకు ఒక పెద్దాయన గుర్తొచ్చాడు. చెరువు కట్ట దగ్గర రోజూ సాయంత్రం కూర్చుంటాడు. మొదటి నెలలో వీళ్లు ఫోన్ పట్టుకుని అటూ ఇటూ తిరుగుతుంటే పిలిచి, వాళ్ల చిన్నప్పుడు వానాకాలంలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చేవో నడిచి చూపించాడు. కర్రతో నేల మీద గీత గీశాడు. వీళ్ల పాత ఉపగ్రహ చిత్రంలోని అంచు ఆ గీతకి సరిపోయింది. ప్రోగ్రామ్ మీద వాళ్లకి నమ్మకం కుదిరింది ఆ రోజే.

"ఆ తాత పేరేంటే?" అన్నాను.

తెలియదట. నలుగురిలో ఎవరూ అడగలేదట. బైండింగ్ సోమవారానికి వాయిదా వేసి, ఆదివారం సాయంత్రం మూడో కుర్రాడి బండి మీద కట్ట దగ్గరికి వెళ్లారు.